పాండవుల మిట్ట మీద చిన్న కుండలు

సామ్రాజ్యాలు ఎందుకు కూలిపోతాయో పిల్లలకు చెప్పి ముప్పై ఏళ్లు పొట్ట పోసుకున్నవాణ్ణి నేను. రోము కానీ, మౌర్యులు కానీ, మా గడప ముందరి విజయనగరం కానీ, పరీక్షలో వచ్చే ప్రశ్న ఒక్కటే: పతనమునకు కారణములు వ్రాయుము. జవాబూ ఒక్కటే. చేతకాని వారసులు, ఇంట్లో కుమ్ములాటలు, పన్నుల బరువు, బయటివాళ్ల దండయాత్ర. పేర్లు మార్చుకుంటే ఏ రాజ్యానికైనా అతుకుతుంది. తర్వాత్తర్వాత తెల్లవాళ్ల రాజ్యం కూడా ఆ పాఠంలోకే వచ్చి చేరింది, దానికీ దాదాపు అవే రాయించాను. చంద్రగిరిలో మా బడి కిటికీలోంచి చూస్తే కోట గోడ కనిపించేది. దాని మీదికి మేకలు ఎక్కి, రాళ్ల సందుల్లో మొలిచిన ఆకు మేసేవి. "అదిగో చూడండ్రా పతనం" అని చూపిస్తే పిల్లలు పకపకా నవ్వేవాళ్లు. నేనూ నవ్వేవాణ్ణి.

నాకొక పాడు అలవాటు ఉండేది. ఎదుటివాళ్ల మాట సగంలో ఉండగానే "నాకు తెలుసులే" అనేసేవాణ్ణి. బడిలో పిల్లలు నా వెనకాల అదే పేరు పెట్టి పిలుచుకునేవాళ్లని చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. ఆ పేరు నాకు తగినదే. చెప్పుతో కొట్టినా తప్పు లేదు.

మా అమ్మా నాయనా నాకు ఊహ తెలియకముందే పోయారు. పెంచింది మేనమామ. చంద్రగిరికి మూడు మైళ్ల దూరంలో ఆయన ఊరు. కుమ్మరి. తాను మట్టి తొక్కుతూ నన్ను చిత్తూరు హాస్టల్లో పెట్టి చదివించాడు. సెలవులకు వచ్చినప్పుడు సరదాగా సారె తిప్పబోతే చెయ్యి పట్టుకొని లాగేసేవాడు. "దాని జోలికి రావద్దురా అబ్బోడా. ఒకసారి మట్టి అంటిందంటే సదువు నీకు అంటదు" అనేవాడు. అలా కుమ్మరి ఇంట్లో పెరిగి కూడా కుండ ఎలా పుడుతుందో తెలియని మొద్దునయ్యాను. ఉద్యోగం వచ్చాక తన కూతుర్నే ఇచ్చి పెళ్లి చేశాడు. చిన్నప్పటి నుంచి నన్ను "బావా" అని వెంట తిరిగిన పిల్లే. నా కోపమూ, నా గొప్పలూ ఆమెకు కొత్త కాదు.

పెళ్లయిన మూడో ఏడు ఆమె పురిటికి పుట్టింటికి పోయింది. సరిగ్గా అప్పుడే నాకు చిత్తూరులో పరీక్షల పని పడింది. మగబిడ్డ పుట్టాడనే కబురూ, పోయాడనే కబురూ ఒకే మనిషి ఒకే పూట మోసుకొచ్చాడు. పరీక్షలు నడుమ వదిలిపెట్టి పోకూడదని నిబంధన. గట్టిగా అడిగితే వదిలిపెట్టేవాళ్లేమో. నేను అడగలేదు. నాలుగో రోజు ఊరు చేరేసరికి అంతా అయిపోయింది. ఆమె గోడ వైపు తిరిగి పడుకొని ఉంది. మామ అరుగు మీద కూర్చొని, "కుండలో పెట్టి మిట్టమీద పూడ్సినాం అబ్బోడా" అన్నాడు. మిట్ట మీద ఎక్కడ అని నేను అడగలేదు. అడిగితే ఏడుపు వస్తుందేమోనని భయం. మాస్టరు ఏడిస్తే ఊళ్లో ఏమనుకుంటారోనని ఇంకో భయం. ఇంత సంగటి తిని సాయంత్రం బస్సుకు వెనక్కి వెళ్లిపోయాను.

పాండవుల మిట్ట ఆ ఊరికి కూతవేటు దూరంలో ఉండేది. పెద్ద పెద్ద బండరాళ్లు గుండ్రంగా పాతిన దిబ్బలు, ఒకటి కాదు, ఇరవై దాకా. వనవాసంలో పాండవులు కట్టుకున్న ఇళ్లవి అని ఊళ్లో నమ్మకం. అటు గొడ్లను కూడా తోలేవాళ్లు కాదు. ఊళ్లో నాలుగు కుమ్మరి ఇళ్లు ఉండేవి. పురిట్లో పోయిన బిడ్డల్ని ఆ నాలుగిళ్లవాళ్లు మాత్రం అక్కడే పూడ్చేవాళ్లు. పాండవులు కాపలా ఉంటారు, నక్కలు రావు అనేవాళ్లు.

మరో రెండేళ్లకు యుద్ధం ముదిరింది. మద్రాసు మీద బాంబులు పడతాయని జనం మూటాముల్లె సర్దుకొని మా వైపు వచ్చిపడ్డారు. మిలిటరీ లారీల కోసం రోడ్డు వెడల్పు చేయాలన్నారు. దానికి గరుసు మట్టి కావలసి వచ్చి, ఆర్కాటు వైపు నుంచి తెచ్చిన కూలీలతో మిట్టను తవ్వించారు. రెండో రోజే గడ్డపార ఒక పెద్ద మట్టి తొట్టికి తగిలింది. తొట్టికి కింద పొట్టి పొట్టి కాళ్లు, లోపల ఎముకలు, ఒక తుప్పు పట్టిన కొడవలి, నాలుగు పూసలు. కూలీలు పనిముట్లు పారేసి పరిగెత్తారు. వారం తిరగకుండా మద్రాసు నుంచి తవ్వకాల అధికారి ఒకాయన దిగాడు. రోడ్డువాళ్లు ఆయనకు మూడు వారాలు గడువిచ్చారు. అప్పుడు దసరా సెలవులు. చరిత్ర మాస్టరు ఖాళీగా ఉన్నాడు కదా అని నన్ను ఆయనకు తోడు పంపారు.

ఆయన మంచివాడు. సన్నగా, గొడుగు పట్టుకొని, అరవం కలిసిన తెలుగులో మాట్లాడేవాడు. మధ్యాహ్నం తన కాఫీలో సగం నాకు పోసేవాడు. తీసిన ప్రతి వస్తువు మీదా తెల్ల రంగుతో అంకె వేసి, పుస్తకంలో వివరం రాయడం నా పని. "వీళ్లు రోముకన్నా పాతవాళ్లుగా ఉండొచ్చు మాస్టర్. వీళ్లకి రాజు ఉన్నాడా, ఊరి పేరేమి, ఏ భాష, ఒకటీ తెలియదు" అన్నాడొకరోజు. నాకు ఒళ్లు పులకరించింది. ఇన్నేళ్లూ పుస్తకంలో బట్టీపట్టించిన చరిత్ర నా చేతికి మట్టితో సహా తగులుతోంది. ఇంటికొచ్చి నా భార్యకు అరగంట ఉపన్యాసం ఇచ్చాను. ఆమె పొయ్యి ముందు కూర్చొని అంతా విని ఒక్కటే అడిగింది.

"ఏ పక్క తవ్వుతాండారు బావా?"

"ఏ పక్కయితే నీకేమే? రాజులుండే పక్క."

"పడమటి వాలులో సిన్నబిడ్డలు ఉండారు. ఆయనకు సెప్పు."

"నాకు తెలుసులే!" అన్నాను.

నాకేమీ తెలియదు. బిడ్డను పూడ్చింది మిట్ట కిందుగా వాగు పక్కన ఎక్కడో అని నా ఊహ. ఆమె ఇంకేదో చెప్పబోయి, పొయ్యిలోకి పుల్ల ఎగదోసింది.

రెండో వారంలో పడమటి వాలు తవ్వారు. అక్కడ పెద్ద తొట్లు లేవు. మూరెడు లోతులో చిన్న చిన్న కుండలు, తొమ్మిది. రెండు చేతుల్లో ఇమిడేంత. మూతికి మూకుడు పెట్టి మట్టితో మెత్తారు. అధికారి ఒకదాన్ని పైకెత్తి ఎండకు తిప్పితిప్పి చూశాడు. ఆయన ముఖం వెలిగిపోయింది. "సారె మీద చేసింది కాదు మాస్టర్, చేత్తో తట్టి చేసింది. బోర్లించి ఊకలో కాల్చినారు, అందుకే మూతి దగ్గర నలుపు, కింద ఎరుపు. ఇప్పుడు ఈ పని ఎవరికీ రాదు" అన్నాడు.

"రాదు సార్" అన్నాను, కుమ్మరి ఇంటి అల్లుణ్ణి.

అక్కడికి రెండు ఫర్లాంగుల్లో మా మామ చేతికి వచ్చిన పని అది. ఇంట్లో చావు మైల ఉన్నన్నాళ్లు కుమ్మరి సారెను ముట్టడు. ముట్టకుండానే బిడ్డకు కుండ చేయాలి. అందుకని రాయి, చెక్క పెట్టి తట్టి చేస్తాడు. ఆవంలో మిగతా కుండలతో కలిపి కాల్చకూడదు గనుక పెరట్లో ఊక కుప్ప వేసి బోర్లించి కాలుస్తాడు. ఇదంతా తర్వాత తెలిసిన సంగతి. ఆ తొమ్మిదింటిలో ఒకటి నా కొడుకు. దాన్ని నేనే దుమ్ము తుడిచాను, నేనే అంకె వేశాను, "అతి ప్రాచీనము, శిశువుది" అని నా చేతిరాతతో రాశాను.

అనుమానం రాలేదా అంటే, వచ్చింది. పడమటి వాలు గురించి ఆమె అన్న మాటా గుర్తొచ్చింది. అంత పైపైన ఎందుకున్నాయి సార్ అని అడగబోయాను కూడా. అంతలో ఆయనే, "మద్రాసులో అచ్చయ్యే రిపోర్టులో మీ పేరు వేయిస్తాను మాస్టర్. ఈ చిన్న కుండలు దొరికినందుకు రొంబ సంతోషం" అన్నాడు. నా నోట్లో మాట నోట్లోనే ఉండిపోయింది. వానకు పైమట్టి కొట్టుకుపోయి ఉంటుందిలే అని నాకు నేనే సమాధానం చెప్పుకున్నాను. పాఠం చెప్పేవాడికి సమాధానాలకేం కొదవ!

సెలవులు అయిపోయాయి. నేను బడికి పోవడం మొదలుపెట్టాను. పెట్టెలు కట్టి రైలుకు పంపే రోజు, తన నాయనకు ఒంట్లో బాగలేదని ఆమె తెల్లవారుజామునే పుట్టింటికి పోయింది. పొద్దున పదిన్నర, పదకొండు మధ్య. నేను నల్లబల్ల మీద గుప్తుల పతనం రాస్తున్నాను. వరండాలో అలికిడి. చూస్తే ఆమె. మూడు మైళ్లు ఎండలో నడిచివచ్చి, చెమటతో, కాళ్ల నిండా దుమ్ముతో నిలబడి ఉంది. పిల్లలందరి ముందర, ఎప్పుడూ లేనిది, గొంతెత్తి అరిచింది.

"పడమటి వాలంతా గుంతలే బావా! నా బిడ్డ యాడ?"

ఏం చెప్పను? "చిన్న కుండలన్నీ... మద్రాసుకు..." అన్నాను.

"రైలు పోయిందా?"

"ఇంకా లేదు."

"అట్లయితే పో. తీసుకోని మిట్టకాడికే రా, నేను నాయన్ను పిల్సుకోని ఆడ ఉంటా. బావా, కుండ గొంతుకాడ సూడు..."

"నాకు తెలుసులే!" అని పరిగెత్తాను.

చూడండి నా ఖర్మ. ఒక్క నిమిషం నిలబడి ఆ మాట పూర్తిగా వింటే సరిపోయేది.

స్టేషన్లో పెట్టెలు ప్లాట్‌ఫారం మీదే ఉన్నాయి. వాటిని ఎక్కించాల్సిన పాకాల బండి సిగ్నల్ దగ్గరికి వచ్చేసింది. అధికారి నన్ను చూసి, వీడ్కోలు చెప్పడానికి వచ్చాననుకొని నవ్వుతూ ఎదురొచ్చాడు. నేను రొప్పుతూ, తడబడుతూ ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆయన కళ్లద్దాలు తీసి చేతిలో పట్టుకున్నాడు.

"ఏమి మాస్టర్ ఇది. ఇన్ని దినాలు పక్కనే ఉంటిరే."

తిట్టినా బాగుండేది. ఆయన తిట్టలేదు. కూలీని పిలిచి, మేకులు పీకించి, చిన్న కుండలున్న పెట్టె మూత తెరిపించాడు. గడ్డిలో తొమ్మిది కుండలు వరసగా ఉన్నాయి. లోపలి మట్టిని మద్రాసులోనే తీసి పరీక్ష చేయాలని మూతులన్నీ గోనెగుడ్డతో బిగించి కట్టి ఉన్నాయి.

"ఏ నంబరో చెప్పండి. ఇచ్చేస్తాను" అన్నాడు.

తొమ్మిదింటినీ చూశాను. అన్నీ ఒకే తీరు. నలుపు, ఎరుపు, చేతి తట్లు. వంగి ఒక్కొక్కటీ తడిమాను. ఏది? నా బిడ్డ ముఖం నేను చూడలేదు. వాణ్ణి పెట్టిన కుండ చూడలేదు. పూడ్చిన చోటు చూడలేదు. వెయ్యేళ్లు, రెండు వేల ఏళ్లు, ఏ రాజు తర్వాత ఏ రాజు అని కళ్లు మూసుకొని చెప్పేవాణ్ణి, రెండేళ్ల నాటి నా కొడుకును గుర్తుపట్టలేకపోయాను. బండి వచ్చి ఆగింది. గార్డు విజిల్ నోట్లో పెట్టుకొని మా వైపు చూస్తున్నాడు. అధికారి "మాస్టర్..." అన్నాడు మెల్లగా.

ఏడో అంకె వేసినదాన్ని తీసుకున్నాను. కాస్త కొత్తగా కనిపించింది. కనిపించిందో, కనిపించాలని నేను అనుకున్నానో.

పైపంచెలో చుట్టుకొని మూడు మైళ్లు నడిచాను. దారిలో ఎవరో "ఏమప్పా మాస్టరూ, అదేమి?" అని అడిగితే ఏం చెప్పానో గుర్తులేదు. ఆ దూరమంతా అది నా కొడుకే అనుకున్నాను. బరువు ఒక చేతి నుంచి ఇంకో చేతికి మార్చుకున్నప్పుడల్లా జాగ్రత్తగా మార్చుకున్నాను. వాణ్ణి ఎత్తుకోవడం అదే మొదలు అని కూడా అనుకున్నాను. ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గేస్తోంది కానీ, ఆ మూడు మైళ్లు నేను సంతోషంగానే నడిచాను.

మిట్ట దగ్గర ఆమె, మామ గుంతల పక్కన కూర్చొని ఉన్నారు. కన్నతల్లి ఆ మిట్ట తొక్కకూడదని కుమ్మరి ఇళ్లల్లో కట్టడి. ఆ రోజు దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. ఆమె చేతులు చాచి కుండను ఒళ్లోకి తీసుకుంది. నేను వేసిన అంకెను కొంగుతో తుడిచింది, అది పోలేదు. తర్వాత గోనెగుడ్డ విప్పి, కుండ గొంతు చుట్టూ వేళ్లతో తడుముతూ పోయి, ఒకచోట ఆగింది. అక్కడ చిన్న నొక్కు ఉంది, దుమ్ము తుడిచినప్పుడు అదీ చేతి తట్టే అనుకున్నాను. తన బొటనవేలు అందులో పెట్టింది. తీసింది. మళ్లీ పెట్టింది.

"నా ఏలు పట్టడం లేదు నాయనా" అంది.

నాకు అర్థం కాక మామ వైపు చూశాను. "తల్లి మిట్టకు రాకూడదు గదరా" అన్నాడాయన, దగ్గుతూ. "బిడ్డ ఒంటిగా పోతాడని, పచ్చికుండ గొంతు మీద తల్లి బొటనేలు నొక్కించి పంపిస్తాం. తల్లి పట్టుకోనుండే లెక్క. మా తాత సేసినాడు, ఆయన తాతా సేసినాడు." ఆయన కుండను తీసుకొని గోటితో మీటి, చెవి దగ్గర పెట్టుకొని విన్నాడు. అంచు తడిమాడు. "ఇది నా సెయ్యి కాదు. ఇట్లా పల్సగా నాకు రాదు. కానీ పని ఇదేరా. ఇదే పని."

ఆమె మళ్లీ ఆ నొక్కులో వేలు పెట్టి చూసింది. "ఎవురో నాకన్నా సిన్నపిల్ల కన్నిండాది" అంది.

అప్పుడు ఏడ్చాను. గుంతల మధ్య కూలబడి, ఊరు చూస్తుందని కూడా అనుకోకుండా, నెత్తి కొట్టుకొని ఏడ్చాను. రెండేళ్ల నాటి ఏడుపు కూడా అందులోనే వచ్చింది. ఆమె నన్ను ఓదార్చలేదు. ఓదార్చి ఉంటే నేను తట్టుకోలేకపోయేవాణ్ణి. కాసేపు చూసి, "లేయి బావా. ఇంకో తల్లి బిడ్డను ఎండలో పెట్టుకోని ఏడిస్తే ఏమొస్తాది? గుంత తవ్వు" అంది.

కూలీలు వదిలేసిన పారతో తవ్వాను. రాతినేల. ఒక మూర తవ్వేసరికి చేతులు బొబ్బలెక్కాయి. "ఇంకొంచెం" అన్నాడు మామ. ఇంకో మూర తవ్వాను. ఆమె తన చేతులతోనే కుండను లోపల కూర్చోబెట్టి, ఊళ్లోంచి తనతో తెచ్చుకున్న పాలు పోసి, మట్టి కప్పింది.

ఆ రాకపోకల అలసటో, ఏమో, మామ ఆ చలికాలం దాటలేదు. ఆమె నాతో అవసరానికి మాట్లాడేది, అన్నం పెట్టేది. ఒక్క మాట కూడా ఎత్తి పొడవలేదు. నేనే ఉండబట్టలేక మద్రాసుకు ఉత్తరం రాశాను. కుండ గొంతు మీద బొటనవేలి నొక్కు చూడండి, కాస్త వెడల్పాటిది, అదే మాది, ఖర్చు పెట్టుకొని నేనే వచ్చి తెచ్చుకుంటాను అని ఇంగ్లీషులో నాలుగు పేజీలు రాశాను.

మూడు నెలలకు జవాబు వచ్చింది. మర్యాదగానే రాశాడాయన. ఎనిమిది కుండలూ తెరిచి పరీక్షించారట. అన్నింటికీ అలాంటి నొక్కు ఉందట, అది శాస్త్రానికి ఎంతో విలువైన సంగతట. వాటిలో ఒకటి ఇటీవలిదని తేలడంతో పట్టికలోంచి తొలగించారట. తాను సెలవులో ఉన్నప్పుడు, నా ఉత్తరం చేరకముందే, పనికిరాని పెంకులతో పాటు దాన్ని పారవేశారట. ఎక్కడ పారవేశారో ఎంత అడిగినా తెలియలేదని, క్షమించమని రాశాడు. అదే కవరులో అచ్చయిన రిపోర్టు ఉంది. చివర కృతజ్ఞతలలో నా పేరు ఉంది, ఒక్క అక్షరం తప్పు లేకుండా.

నేను వాకిట్లో నిలబడి చదువుతుంటే ఆమె బియ్యం చెరుగుతున్న చేట పక్కన పెట్టి వచ్చింది. ఆమెకు ఇంగ్లీషు రాదు.

"మనోడు ఉండాడంటనా?"

"ఉండాడంట" అన్నాను.

"యాడ పెట్టినారంట?"

"పెద్ద మేడలో. గాజు బీరువాలో పెట్టినారంట."

"రాజుల సామాన్ల పక్కనా?"

"ఆ. పక్కనే."

ఆమె ముఖంలోకి చాలా రోజుల తర్వాత కొంచెం తేట వచ్చింది. ఉత్తరాన్ని నా చేతిలోంచి తీసుకొని, తలకిందులుగానే పట్టుకొని, కాసేపు ఆ అక్షరాలు చూసింది.

"గాజుబీరువా అంటే మూసే పెడతారు గదా. లోపలికి గాలి తగులుతాదా బావా?"

"తగులుతాది" అన్నాను.